రిపోర్టు తల్లీ, నీకు దండం

రిపోర్టు తల్లీ, ముందుగా నీ నిష్ఠకు దండం. గోదావరి పొంగినా, ఎండాకాలం రామగుండంలో రోడ్డు మీద తారు కరిగినా, నెల తిరిగేసరికి నువ్వు రాక మానవు. ఇంక్లైన్ పక్క ఆఫీసులో పుడతావు, ఏరియా జీఎం ఆఫీసులో పెరుగుతావు, కొత్తగూడెం హెడ్డాఫీసు చేరేసరికి పెద్దదానివవుతావు. బొగ్గు బాయిలో పైకప్పుకు బోల్టులు వేయడం వాయిదా పడిన రోజులు ఉండవచ్చు గానీ, నువ్వు వాయిదా పడిన నెల లేదు. నేను ఒక్క సింగరేణి బొగ్గు కంపెనీ సంగతి చెప్పడం లేదు. గని ఉన్న ప్రతి చోటా, కార్ఖానా ఉన్న ప్రతి చోటా ఏలుబడి నీదే.

నీ లెక్క ఎంత నిక్కచ్చిదో బొగ్గును అడగాలి. 1920లో కంపెనీగా నమోదైన సింగరేణి 2023-24లో 70.02 మిలియన్ టన్నుల బొగ్గు తీసిందని చెప్పావు. దశాంశం తర్వాత వచ్చిన ఆ రెండంకెల్లో ఇరవై వేల టన్నులున్నాయి. వాటినీ నువ్వు వదల్లేదు. బొగ్గు తీసేవాడి తల మీద వేలాడే రాయిని కూడా నువ్వు వదలవు. దానికీ చోటిస్తావు. కాకపోతే ఆ చోటు ఉత్పత్తి పట్టికలు, డిస్పాచ్ వివరాలు, యంత్రాల పనిగంటలు అన్నీ అయ్యాక, చదివే పెద్దసారుకు టీ వచ్చే వేళకు తగులుతుంది.

నీ దయాగుణం ఇంకా గొప్పది. 'తగు చర్యలు తీసుకోబడుచున్నవి' అని రాస్తావు. ఎవరు తీసుకుంటున్నారో అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టవు. ఏ తేదీలోగా అని తొందరపెట్టవు. ఫలానా లెవెల్‌లో ఫలానా మనిషి చేయాల్సిన పనిని ఏ మనిషి మీదా పడకుండా నెలల తరబడి మోయగల ఓర్పు నీ ఒక్కదానికే ఉంది. రాసినవాడు క్షేమం, సంతకం పెట్టినవాడు క్షేమం, ఫైలు కట్టినవాడు క్షేమం. లోపలికి దిగినవాడి క్షేమం కూడా నీలో ఉంటుంది, శీర్షికగా.

గాయాన్ని కొలవడంలో నీకు సాటి లేరు. దెబ్బ తగిలినవాడు 72 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే అది రిపోర్టబుల్ గాయమని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. కార్మికుణ్ణి కాపాడటానికి చట్టం గీసిన గీత అది. నీకు ఆ గీతలో ఇంకో ఉపయోగం కనబడింది. వేలు నలిగినవాడు మూడు రోజులు నిండకముందే కట్టుతో వచ్చి మస్టర్ పడితే, కుర్చీలో కూర్చున్నా సరే, నీ పట్టికలో ఆ వేలు నలగనే లేదు. నొప్పి అతని దగ్గర ఉంటుంది, సున్నా నీ దగ్గర ఉంటుంది. ఆ సున్నాల వరుస చూసి సేఫ్టీ వారోత్సవాల్లో చప్పట్లు కొడతారు. నేనూ ఆ చప్పట్ల మధ్య కూర్చున్నవాణ్ణే.

నీ మహిమ ఖండాంతరాల్లోనూ వెలిగింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక నేలకు తిరిగివస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే, దాని రెక్కకు తగిలిన నురుగు ముక్క ఎంత దెబ్బ తీసి ఉంటుందో లెక్కగట్టి ఇంజినీర్లు స్లైడ్లు తయారు చేశారు. తగిలిన ముక్క అంతకుముందు పరీక్షల్లో వాడినవాటికి వందల రెట్లు పెద్దది. నువ్వు ఆ నిజాన్ని దాచలేదు తల్లీ, స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో చక్కగా రాశావు. పైన పెద్దక్షరాల్లో మాత్రం ధైర్యం చెప్పావు. ప్రమాదం మీద వేసిన విచారణ బోర్డు ఆ స్లైడు రాసిన తీరును పట్టి చూపి మరీ తప్పుపట్టింది.

అదే ఏడాది జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు తోసుకొచ్చి 17 మందిని మింగాయి. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, అక్కడే జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. గనిలోకి నీళ్లు వస్తే ఏమవుతుందో దేశానికి అప్పటికి కొత్త కాదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో, పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా కిందికి దూకి 375 మంది ప్రాణాలు తీశాయి. ఆ పాఠాన్ని నువ్వు ఎంతో భద్రంగా దాచావు. ఇరవై ఏడేళ్లు దాటినా కాగితం మీద ఒక్క అక్షరం చెరగలేదు. పాఠాన్ని దాచడంలో నీ అంతటివాళ్లు లేరు.

నీ గురించి ఆలోచించినప్పుడల్లా వేల్స్ దేశపు అబర్‌ఫాన్ నాకు గుర్తొస్తుంది. అదీ మనలాంటి బొగ్గు ఊరే, అక్కడి గనులూ సర్కారు సంస్థవే. కొండ మీద గని మట్టి కుప్పలు పోసేవారు. కింద పిల్లల బడి. 1963లో అక్కడి మునిసిపాలిటీ ఇంజినీరు ఒక ఉత్తరం రాశాడు. బడి వెనకాల పోస్తున్న బొగ్గు బురద వల్ల ప్రమాదం ఉందని ఆయన విషయం అనే చోటే రాసేశాడు. ఏ బడి, ఏ కుప్ప, ఏమి ముప్పు, అన్నీ ఆ ఒక్క వరుసలోనే ఉన్నాయి. నా దృష్టిలో రిపోర్టు అంటే అదీ. కానీ ఆ ఉత్తరంలో నీ హంగులేవీ లేవు. నీ దర్బారులో అది ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది, జవాబులు పుట్టాయి, జవాబులకు జవాబులు పుట్టాయి. 1966 అక్టోబర్ 21 పొద్దున కుప్ప జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు. ఆ తర్వాత వేసిన ట్రిబ్యునల్ తప్పు నేషనల్ కోల్ బోర్డుదేనని ఎక్కడా మెలిక లేకుండా రాసింది. అంత సూటిగా రాయడం నీకూ వచ్చునని అప్పుడు తెలిసింది. కాకపోతే నీకు ఆ విద్య శవాలు లేచాకే గుర్తొస్తుంది.

నీ మర్యాద తెలియని రిపోర్టు ఒకటుంది, దాన్ని నీతో పోల్చి నిన్ను అవమానించను. అది మన బాయిల్లో షిఫ్టు మారేటప్పుడు, గనిలో ఒక భాగాన్ని చూసుకునే సర్దారు తర్వాతి సర్దారుకు చెప్పే మాట. 'అన్నా, మూడో లెవెల్ల రూఫ్ సప్పుడు చేస్తాంది. రెండు బోల్టులు ఊడినయ్. సపోర్టు పెట్టేదాంక ఎవ్వర్ని పోనియ్యకు.' ఇందులో చోటు ఉంది, కళ్లారా చూసింది ఉంది, చెవులారా విన్నది ఉంది, చేయాల్సిన పని ఉంది, అది చేయాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు. మూడే మూడు మాటలు. చట్టానికి ఈ మాట విలువ తెలుసు. అందుకే సర్దారు గనిలో తన భాగాన్ని చూసి, చూసిందంతా కుట్టిన పేజీల పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని నియమం పెట్టింది. పేజీ చింపడానికి వీలుండకూడదని కుట్టించింది.

ఆ మాటను నువ్వు పైకి తీసుకెళ్లే నేర్పుకు మళ్లీ దండం. ప్రతి మెట్టు దగ్గరా బియ్యానికి పాలిష్ పట్టినట్టు దాని మీది తవుడు తీసేస్తావు. 'సప్పుడు చేస్తాంది' అన్నది 'స్వల్ప మార్పులు గమనించబడినవి' అవుతుంది. 'ఎవ్వర్ని పోనియ్యకు' అన్నది 'జాగ్రత్తలు పాటించవలెను' అవుతుంది. ఇంకో మెట్టు ఎక్కేసరికి ఇంగ్లీషులోకి మారుతుంది, ఆ రూఫ్ కింద నిలబడేవాడు చదవలేని రాతగా స్థిరపడుతుంది. పై ఆఫీసుకు చేరేది తెల్లటి గింజ. బలమంతా తవుడుతోనే పోయింది.

నీలో హోదాల వారీగా గడులుంటాయి. అధికారికి ఒక గడి, పర్మినెంటు కార్మికుడికి ఒక గడి, కాంట్రాక్టు కార్మికుడికి చివర ఇంకో గడి. పైకప్పుకు ఈ వరస తెలియదు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కూలినప్పుడు అది ముగ్గురిని తీసుకుంది. ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసరు, ఒకరు గని అధికారి, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. రక్షణ చూడటమే ఉద్యోగమైన మనిషి కూడా ఆ రాళ్ల కిందే పోయాడు. నిన్ను రాసేవాళ్లు, చదివేవాళ్లు, నీలో అంకెగా మిగిలేవాళ్లు అందరూ ఒకే కప్పు కింద నిలబడతారు.

తల్లీ, నిన్ను తిట్టేంత చనువు నాకుంది, ఎందుకంటే నువ్వు లేకుండా బాయి నడవదు. చీకట్లో ఉన్న మనిషి మాట వెలుతురులో ఉన్న మనిషికి చేరడానికి నువ్వు తప్ప వేరే దారి లేదు. అందుకే అడుగుతున్నాను. ముప్పును మొదటి వరుసలో పెట్టు. చోటు పేరు చెప్పు. పని ఎవరిదో, ఏ రోజు లోపలో రాయి. టన్నుల లెక్క రెండో పేజీకి పోయినంత మాత్రాన బొగ్గు తరగదు.

ఎయిటింక్లైన్ కాలనీలో, గోదావరిఖనిలో, మంథని దారి పొడుగునా కొత్తగా ఓవర్‌మన్‌లై, సర్దార్లై, అండర్ మేనేజర్లై చేరుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కలం మీ చేతిలో ఉంది. మీ సర్దారు చెప్పిన మాటను చెప్పినట్టే రాసి పైకి పంపండి. దాన్ని మెత్తబరచమని ఎవరైనా అంటే, ఆ మాట అన్న మనిషి పేరు కూడా పక్కన రాయండి.