పింగు వచ్చినది గదా!

పరుల నేలమీదుగా నడచుచు తన గుట్టును తాను కాపాడుకొను వ్యవస్థకే మేనేజ్డ్ వీపీఎన్ అని పేరైనచో, దానికి ప్రతిరూపముగా పుదుచ్చేరిని మించినది మన దేశమున దొరకదు. ఏలయన పుదుచ్చేరి ముక్కయే తమిళనాటి గ్రామములతో చిక్కుపడియుండగా, కారైక్కాలు, కేరళ నడుమ మాహే, గౌతమీతీరమున యానాము, ఇవి యన్నియు ఒక్క శాసనసభకు లోబడినవే యైనను, ఒకదానినుండి మఱియొకదానికి పోవలెనన్న పొరుగురాష్ట్రపు బాట తొక్కక తప్పదు. ఆ బాటలో గోతులున్నవని మొరపెట్టుకొన్నవానికి 'మా పటములో బాట చక్కగానున్నది' అని బదులు చెప్పు అధికారి యింకను పుట్టలేదు కాబోలు. నెట్‌వర్కు సంస్థలలో మాత్రము అట్టివారికి కొదవలేదు.

పుదుచ్చేరిలోని సేదరపేట్ పారిశ్రామికవాడలో కర్మాగారమును, యానాములో గిడ్డంగియు గల్గి, ఆ రెంటిని ఒక నెట్‌వర్కు సంస్థవారి మేనేజ్డ్ వీపీఎన్‌తో కలుపుకొన్న యొక యజమానిని ఊహింతము. ఒకనాటి యుదయమున సేదరపేట్ సర్వరులోని సరుకుల పట్టిక యానాములో తెఱుచుకొనదు. ఫిర్యాదు చేయగానే టికెట్ నంబరు ప్రసాదింపబడును. వెనువెంటనే "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అను ఉపదేశము. ఆ రౌటరు సంస్థది, పాస్‌వర్డు సంస్థది, కాన్ఫిగరేషను సంస్థది. నెలనెల రుసుము చెల్లించు ఈతనికి దక్కిన సర్వాధికారము మీట నొక్కుట యొక్కటియే. నొక్కినను ఫలము లేకపోగా, కొంతసేపటికి సిద్ధాంతము వెలువడును: "పింగ్ వస్తోంది సార్, మా సైడు ఇష్యూ లేదు." టికెట్ మూతపడును.

ఎచ్చటినుండి ఎచ్చటికి వచ్చినది ఆ పింగు? సంస్థవారి యొక అంచు రౌటరునుండి వారిదే యగు మఱియొక అంచు రౌటరునకు. 1999లో ఎరిక్ రోజెన్, యాకోవ్ రెఖ్టర్ ఆర్‌ఎఫ్‌సీ 2547 అను పత్రమునందు వివరింపగా 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4364గా స్థిరపడిన పద్ధతిలో, ఖాతాదారుని ప్యాకెట్టు రెండు లేబుళ్లు ధరించి ప్రయాణించును: వెలుపలిది దూరపు అంచు రౌటరునకు చేర్చునది, లోపలిది అచ్చట అది యే ఖాతాదారునిదో తెలుపునది. నడిమి రౌటర్లకు వెలుపలి లేబులుతోనే పని. ఖాతాదారుని చిరునామాలతో వానికి పరిచయమే లేదు. కావున నడుమ ఒక్క లింకుమీద, లేబుళ్లను పంచిపెట్టు ఎల్‌డీపీ మౌనము వహించినచో, ఖాతాదారుని ప్యాకెట్టు అచ్చటనే దిక్కులేక రాలిపోవును. సంస్థవారి పింగు మాత్రము, లేబులుతో నిమిత్తము లేని సామాన్య ఐపీ యాత్రికుడు గనుక, సుఖముగా పోయి సుఖముగా వచ్చును. లేబుల్ మార్గమునే పరీక్షించు వేఱొక పింగు 2006లోనే ఆర్‌ఎఫ్‌సీ 4379 యందు విధింపబడినది. దానిని వాడినచో లోపము బయటపడు ప్రమాదమున్నదని కాబోలు, దాని జోలికి పోవువారరుదు. ఇక యానాము వైపు దిగుమతి చేసికొనవలసిన రూట్ టార్గెట్ అను మార్గపు గుర్తులో ఒక్క అంకె తప్పినను సేదరపేట్ మార్గము అచ్చట ఆ ఖాతాదారునికై వేఱుగానుంచిన వీఆర్ఎఫ్ అను మార్గముల పట్టికలోనికే రాదు. మార్గములను చేరవేయు బీజీపీ సెషను మాత్రము నిక్షేపముగా 'అప్' అనియే పలుకుచుండును.

అన్నింటికంటె రసవత్తరమైనది "ట్రేస్‌రూట్ పంపండి సార్" అను కోరిక. తమ నడిమి రౌటర్లు కంటబడకుండ ఖాతాదారుని ప్యాకెట్టు దాటు రౌటర్లను లెక్కించు టీటీఎల్‌ను లేబులునకు ఎక్కనీయక దాచినవారే, ఆ దాచినచోట ఏమి జరిగినదో సాక్ష్యము తెమ్మని ఆతనినే అడుగుదురు!

మధ్యాహ్నమునకు ఎవ్వరో ఎచ్చటనో ఏదియో సవరింతురు, పట్టిక తెఱుచుకొనును. కారణపత్రమున మాత్రము 'కస్టమర్ వైపు పవర్ సమస్య' అని యుండును. ఒప్పందములో 99.5 శాతమని వ్రాసికొన్నచో 30 దినముల మాసమున 3 గంటల 36 నిమిషములు లింకు పడియుండుట సంస్థకు సంక్రమించిన హక్కు. పింగు వచ్చునంతకాలము లింకు పడినట్లే కాదు గనుక, ఆ గడియారము కదలనే కదలదు.

ఇంతలో పెద్ద ఫైళ్లు నిలిచిపోవుచున్నవని యానామువారు మరల మొరయిడుదురు. 1500 బైట్ల ప్యాకెట్టుమీద 4 బైట్ల లేబుళ్లు రెండెక్కి 1508 కాగా, సవరించిన దారిలో ఒక లింకుయొక్క ఎంటీయూ, అనగా ప్యాకెట్టు పరిమాణపు హద్దు, ఆ బరువు మోయజాలదు. 32 బైట్ల విండోస్ పింగు మాత్రము ఆ దారిలోనే హాయిగా తిరుగాడును. మాసాంతమున, లింకు నూటికి నూఱుపాళ్లు నడచినదని ఘోషించు నివేదిక బిల్లుతోగూడ సేదరపేట్ చేరును. యజమాని దానిని యానాము గిడ్డంగికి పంపబోగా, సగములో నిలిచిపోవును.