అద్వితీయములగు చిలపలు

చేతితో రంగులద్దిన సన్నని ఉన్నిదారమునకు, అందునను నూగు రేగిన మొహేర్ దారమునకు, నేడు ఇంగ్లండు, అమెరికా దేశముల అల్లికప్రియుల యిండ్లలో జరుగుచున్న ఉపచారములను గాంచినచో మన ఆలయములలోని ఉత్సవమూర్తులు సయితము ఈర్ష్య చెందవలసి యుండును. సాధారణముగ మొహేర్ చిలప, అనగా దారపుచుట్ట, యొక్కటి 50 గ్రాములు తూగును. అందు సుమారు 420 మీటర్ల దారముండును. నూటికి 72 పాళ్లు అంగోరా మేకపిల్లల బొచ్చు, తక్కిన 28 పాళ్లు పట్టు. ఈ లెక్కలతో నాకు వివాదము లేదు. ఆ చిలపకు కట్టిన చీటిపై “సంధ్యవేళ పాతపుస్తకశాల” యనియో, “మరచిపోయిన ఉత్తరము” అనియో రంగునకొక పేరు పెట్టి, దాని క్రింద “ఏ రెండు చిలపలును ఒక్కతీరున నుండవు” అని సగర్వముగ ప్రకటించుచున్నారే, ఆ ప్రకటనతోడనే నా వివాదము.

ఆ మాట అసత్యమని నే ననను. ఆమ్లజాతి రంగును నీట గలిపి, వెనిగరో నిమ్మఉప్పో చేర్చి, చిలపను ముంచి కాచునపుడు రంగు ముందు సోకిన తావున గాఢముగను, ఆలస్యముగ సోకిన తావున పలుచగను పట్టును. 1856లో పదునెనిమిదేండ్ల పెర్కిన్ అను ఆంగ్లేయ విద్యార్థి కృత్రిమవర్ణమును కనుగొన్నది మొదలు రసాయనశాస్త్రజ్ఞులు ఏ మచ్చను నిర్మూలించుటకై తలలు నెరయజేసికొనిరో, ఆ మచ్చయే నేడు వంటగది గిన్నెలో పునర్జన్మ మెత్తి, మరమగ్గమువారి సమవర్ణమును వెక్కిరించుచు అధికమూల్యమునకు అమ్ముడుపోవుచున్నది. పోనిండు, మచ్చయందు సౌందర్యమును దర్శింపగల రసికుల నెవ్వ రాక్షేపింపగలరు?

అయితే అద్వితీయత్వమునకై వెల చెల్లించి యింటికి దెచ్చుకొన్నవారు ప్రప్రథమమున చేయు కార్యమేమో విచారింపుడు. రెండు చిలపలను చెంత నుంచుకొని, రెండు వరుసలు దీనితో, రెండు వరుసలు దానితో మార్చి మార్చి అల్లవలెనని ఆ విద్యయందలి ఆచార్యు లందరును ఏకకంఠముగ బోధింతురు. ఏలన, అట్లు మార్చనిచో రవికె నడుమ కత్తితో గీసినట్లొక గీటు వెలసి, పైభాగ మొక వర్ణమును క్రిందిభాగ మొక వర్ణమునుగ నుండి, ధరించినవారు అరువుబట్టలు తొడిగినట్లు కాన్పింతురు. అనగా ప్రతి చిలపయు అద్వితీయము కావలెనని ముందు డబ్బు, ఆ అద్వితీయత్వము కంటబడకుండవలెనని పిదప శ్రమ. ఈ రెంటిని వరుసగ వ్యయపరచి, తుదకు సంపాదించునది మిల్లులో ఉచితముగ లభించు సమానత! చీటి వ్రాసినవారే అల్లికపత్రము కూడ వ్రాయుచుండుటచేత, రోగమును ఔషధమును ఒక్క అంగడిలోనే దొరకుచున్నవి.

లేసు సంగతి యింకను విచిత్రము. లేసనగా రంధ్రముల కళ. దారమున్న తావుకంటె లేనితావే అందు ప్రధానము. స్కాట్లండునకు చెందిన షెట్లాండు దీవులలో, ముఖ్యముగ అన్స్ట్ దీవిలో, వివాహపుటుంగరమున దూరిపోవునంత సన్నని శాలువలు అల్లిన స్త్రీలు ప్రతి రంధ్రమును లెక్కించియే అల్లిరి. మొహేరుతోనో, ఎంత కష్టపడి రంధ్రము కల్పించినను రేగిన నూగు క్షణములో దానిని పూడ్చివేయును. కావున నిపుణులు కష్టమగు నమూనాలను విడిచి సాదాకుట్టును సలహా యిచ్చెదరు. ఆ సాదాకుట్టు మిక్కిలి పలుచనై శరీరమును దాచకున్నందున, మరియొక దారమును దానికి జత చేర్చి పట్టుకొని అల్లుమనెదరు. తప్పు దొర్లినచో ఊడదీయబూనిన బొచ్చు బొచ్చును పెనవేసికొని విడువదు. అపుడు సగ మల్లిన వస్త్రమును ఫ్రిజ్‌లోని మంచుగడ్డల అరలో, బఠాణీల సరసన, కొంతసేపు శయనింపజేయవలెనట! చలికి కాపాడవలసిన వస్త్రమునకు ముందుగ చలి చూపించుట యుక్తమే కాబోలు.

“హస్తరంజితము” అను మాట ఆఖరి గిన్నెను మాత్రమే చూపును. సముద్రముల కావలి మేకను చూపదు. 1838లో హెండర్సన్ అను సైనికోద్యోగి తుర్కీనుండి పండ్రెండు మేకపోతులను, ఒక ఆడుమేకను దక్షిణాఫ్రికాకు ఓడపై కొనిపోగా, జాతి పరులపాలు గారాదని తుర్కీవారు ఆ పండ్రెండింటిని ముందే నిర్వీర్యములను గావించిరట. ఆడుమేక మాత్రము చూలుతో బయలుదేరి దారిలో పోతుపిల్ల నీనెను. అంత జాగ్రత్తగ కాపాడిన గుత్తాధిపత్యము ఒక్క పురుటితో కూలి, నేడు ప్రపంచపు మొహేరులో సుమారు సగము దక్షిణాఫ్రికానుండియే వచ్చుచున్నది. 2018లో అచ్చటి మందలలో కత్తిరింపువేళ జరుగు హింస చిత్రములతో సహా బయటపడినప్పుడు పేరుమోసిన వస్త్రసంస్థలు పెక్కు మొహేరును విడనాడెను. చీటిమీది కవిత్వమందు మాత్రము మేకకు చోటు చిక్కలేదు.

మేకనట్లుంచి మనుష్యులనే తలచుకొందము. షెట్లాండు స్త్రీల శాలువలకు వర్తకులు నాణెములకు బదులు తేయాకును, బట్టను కొలిచి యిచ్చుచుండిన వైనమును బ్రిటిషు ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1872లో గ్రంథస్థము గావించెను. మన గోదావరితీరమున నరసాపురమునందు, 19వ శతాబ్దమున క్రైస్తవ మతప్రచారకులు నేర్పిన క్రోషే లేసును స్త్రీలు నేటికిని అల్లుచున్నారు. వారు వట్టి గృహిణులనియు, తీరిక వేళ కాలక్షేపముగ అల్లుకొనుచున్నారనియు చెప్పి వర్తకులు స్వల్పకూలితో సరిపెట్టిన తీరును మరియా మీస్ అను సామాజికశాస్త్రజ్ఞురాలు 1982లో తన గ్రంథమున వివరించెను. తీరిక యను ఒక్క మాటకు నరసాపురమున కూలిని కోయు శక్తియు, ఇంగ్లండు, అమెరికాలలో చిలప వెలను పెంచు శక్తియు నెట్లు కలిగెనో అర్థశాస్త్రజ్ఞులు తేల్చవలసియున్నది.

నరసాపురపు ఇల్లాలొకతె ఒక మూల తెలుపు, ఒక మూల పసుపుగనున్న లేసుముక్కను దళారి ముందుంచి, “ఇది లోపము కాదయ్యా, అద్వితీయత్వము” అని వాదించినచో ఆతడేమనునో యూహింపుడు. ఆమె పక్షమున వాదించుటకు చీటీలు వ్రాయు ఆ పండితులలో నొక్కరిని పిలిపింపవలెనని నా ప్రతిపాదన. దారిఖర్చు లీయక తప్పదు గనుక, షెట్లాండు మర్యాద ననుసరించి, వానిని చిలపల రూపముననే చెల్లింపవచ్చును.