కాంట్రాక్టరు గారి మనసు నొప్పించకండి

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన వారంలోనే తేలిపోయే సంగతి, బిల్డరు మనకు అమ్మింది గోడలు మాత్రమేనని. వెనకటి ఇళ్లలో గోడ లేచేటప్పుడే మేస్త్రీ గూళ్లు వదిలేవాడు. పైన అటక ఉండేది, గుమ్మం పక్కన చిలక్కొయ్య ఉండేది. వాటికి విడిగా ఎస్టిమేట్ ఎవరూ వేసేవారు కాదు. ఇప్పటి గోడ మందం నాలుగున్నర అంగుళాలు. అందులో గూడు తొలిస్తే పక్క గదిలో తేలతాం. అందుకని ఇంటి ఖరీదు కట్టాక, ఆ ఇంట్లో బట్టలూ గిన్నెలూ పెట్టుకునే హక్కు కోసం మళ్లీ లక్షలు కట్టాలి. దాని పేరు వుడ్‌వర్క్.

ఏ రంగు లామినేటు వెయ్యాలో, ఏ హ్యాండిలు నప్పుతుందో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. అసలు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కబోర్డులు ఎలా ఏడిచినా పదేళ్లు సర్దుకుపోవచ్చు. కాంట్రాక్టరు గారి మనసు నొచ్చుకుందో, ఇక ఆయన ఫోనెత్తరు. అందుకే బాచుపల్లి నుంచి నార్సింగి దాకా వుడ్‌వర్క్ చేయించుకుని ప్రాణాలతో బయటపడ్డ గృహస్థులను విచారించి, కొత్తవారి కోసం కొన్ని నియమాలు కూర్చాను.

మొట్టమొదటిది, కాగితం అడక్కూడదు. కాంట్రాక్టరు గారు తొలిసారి వచ్చినప్పుడు ఇంట్లో కుర్చీ ఉండదు కాబట్టి పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చుంటారు. "మన ఇంటి పనే అనుకోండి సార్" అంటారు. వారంటీ, గడువు, ఆలస్యమైతే కోత, అన్నీ ఆ ఒక్క ముక్కలో వచ్చేశాయి. తర్వాత జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి, వెనక్కి తిప్పి, 1,450 అని రాసి కింద రెండు గీతలు కొడతారు. అదే ఎస్టిమేటు, అదే అగ్రిమెంటు. "ఎస్‌ఎఫ్‌టీకేనా?" అని అడగొచ్చు, అంతవరకు తప్పులేదు. ఆ 1,450లో ప్లై ఏ గ్రేడు, మందం ఎన్ని ఎంఎం, వెనక షీటు ఎంత, హింజులు ఏ కంపెనీవి, సొరుగులు కలిపా విడిగానా అని మొదలుపెట్టారంటే ఆయన ముఖం చిన్నబోతుంది. "మీ తోడల్లుడు గారు ఒక్క ప్రశ్న వెయ్యలేదు సార్" అంటారు. తోడల్లుడి కన్నా పిసినారి అనిపించుకోవడానికి ఏ మగవాడు సిద్ధపడతాడు?

బిల్లు మాట కూడా ఎత్తకండి. "బిల్లు కావాలంటే జీఎస్టీ 18 శాతం పడుద్ది సార్, మీ డబ్బు, మీ ఇష్టం" అని మన డబ్బు మీద మనకన్నా ఎక్కువ జాలి చూపిస్తారు. నిజానికి మనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. జిల్లా కమిషన్ ఉంది. చెల్లించింది ఐదు లక్షల్లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు. 1915కు ఫోను కొడితే ఫిర్యాదు రాసుకుంటారు. అన్నీ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా వాళ్లడిగేది ఒక్కటే, ఏం ఒప్పుకున్నారో చూపించండి అని. మన దగ్గరున్న సాక్ష్యం విజిటింగ్ కార్డు వెనక వైపు.

రెండో నియమం, కొలతలు తీసేటప్పుడు బాల్కనీలోకి వెళ్లి నిలబడాలి. ఒక కుర్రాడు టేపు కొస గోడకు ఆనించి పట్టుకుంటాడు. రెండో కొస దగ్గర కాంట్రాక్టరు గారు. "ఏడు మూడు" అంటాడు కుర్రాడు. ఏడడుగుల మూడంగుళాలన్నమాట. కాగితం మీద ఏడున్నర పడుతుంది. "ఎనిమిది నాలుగు" అంటాడు. ఎనిమిదిన్నర పడుతుంది. ఏడున్నర ఇంటూ ఎనిమిదిన్నర 63.75. "రౌండ్ ఫిగర్ 64 వేసుకుందాం సార్." ఉన్నది అరవై చిల్లర. ఒక్క అలమరా దగ్గరే ఐదు వేలు గోడలోంచి పుట్టుకొచ్చాయి. మీరు బాల్కనీలో ఉన్నారు కాబట్టి మీకు బీపీ పెరగలేదు.

ఈ లెక్కలో ఇంకో సొగసుంది. ఎస్‌ఎఫ్‌టీ కట్టేది అలమరా ముఖానికి, అంటే ఎత్తుకీ వెడల్పుకీ. లోతుకు లెక్క లేదు. ఇరవై నాలుగు అంగుళాల లోతు ఉండాల్సింది ఇరవైకి దిగినా మన బిల్లులో పైసా తగ్గదు, ఆయన ప్లై మాత్రం తగ్గుతుంది. గృహప్రవేశమయ్యాక మొదటి చొక్కా హ్యాంగరుకు తగిలించి తలుపు మూస్తే భుజం బయటికొస్తుంది. అప్పుడు అడిగితే, "చొక్కాలు మడతపెట్టుకుంటే నీటుగా ఉంటాయి సార్" అని మన అలవాట్లు దిద్దుతారు.

మూడోది చెక్క. హర్యానాలోని యమునానగర్‌లాంటి చోట్ల పోప్లార్, యూకలిప్టస్ దుంగలను పొరలు పొరలుగా ఒలిచి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పేర్చి, జిగురు పెట్టి నొక్కితే ప్లైవుడ్. ఘనతంతా జిగురుది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై. 72 గంటలు మరిగే నీళ్లలో ఉడికించినా దాని పొరలు విడిపోకూడదు. ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ గ్రేడుకు గాలిలో తేమ ఓర్చుకునే శక్తి ఉంది, సింకు కింద కాపురం చేసే శక్తి లేదు. "మనం వాడేది 710యే సార్" అన్నది కాంట్రాక్టర్ల కులదైవ ప్రార్థన.

ఇక్కడ చెయ్యకూడని పని ఒకటుంది, షీట్లు దిగగానే వంగి చూడటం. 2025 నుంచి ప్లైవుడ్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కాబట్టి "ముద్ర ఉందా?" అంటే "ఉంది సార్" అని ధైర్యంగా చెబుతారు. నిజమే, ఉంటుంది. ముద్ర దగ్గర 710 అని ఉందా 303 అని ఉందా అని మోకాళ్ల మీద కూర్చుని చదవడం, అక్కడున్న లైసెన్సు నంబరును ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టడం, ఇవి పెద్దమనుషులు చేసే పనులు కావు. రెండ్రోజులు ఓపిక పట్టండి. సన్‌మైకా అంటించాక మెరైనూ ఒకటే, ఎంఆరూ ఒకటే. హెచ్చుతగ్గులు లేని సమసమాజం ఈ దేశంలో ఎక్కడైనా వెలసిందంటే అది ఒక ఎంఎం లామినేటు కిందే. ఆ సమాజం రెండో వానాకాలం దాకా వర్ధిల్లుతుంది. తర్వాత సింకు కింది తలుపు అప్పడంలా పొంగుతుంది. "నీళ్లు తగిలినట్టున్నాయి సార్" అంటారు. వంటింట్లో నీళ్లు వాడిన నేరం మనదే.

నాలుగోది వంటగది. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి అమ్మమ్మలాంటి వంటగదిని 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసింది. రైళ్లలో భోజనశాల పెట్టె ఉంటుందే, అందులోని ఇరుకు వంటగది ఆమెకు నమూనా. దాదాపు పదివేల ఇళ్లలో అమర్చారు. వంట చేసే ఆడమనిషి అనవసరంగా ఒక్క అడుగు కూడా వెయ్యకూడదని ఆమె పట్టుదల. బియ్యానికీ పంచదారకూ పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు పెట్టించింది. ఇంట్లో ఏముంటాయో అడిగి, వాటికి చోటు చూపించిందన్నమాట.

వందేళ్లలో మనం ఎంతో ముందుకొచ్చాం. ఇప్పుడు కాంట్రాక్టరు గారు ఏమీ అడగరు, క్యాటలాగు చూపిస్తారు. అందులో వైను గ్లాసులకు తలకిందులు స్టాండు, పాస్తా సీసాలకు సన్నటి పులౌట్. ఇంటావిడ అడుగుతుంది:

"ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలయ్యా?"

"టాండమ్ సొరుగు పెడుతున్నాం కదా మేడమ్, సాఫ్ట్ క్లోజ్."

"జాడీ దాంట్లో పట్టదు. ఎత్తు చాలదు."

"అయితే లాఫ్ట్‌లో పెట్టుకోండి మేడమ్."

పది కిలోల జాడీ ఏడడుగుల ఎత్తున. అన్నం తినేటప్పుడల్లా స్టూలెక్కాలి. ఇక పాతిక కిలోల దాకా ప్యాకెట్లకు జీఎస్టీ పెట్టాక 26 కిలోలకు ఎదిగిన బియ్యం బస్తా, టేబుల్ గ్రైండరు, ఇడ్లీ పాత్ర, జంతికల గొట్టం ఇవన్నీ యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన చేరతాయి. కబోర్డుల్లో ఏముంటుందంటారా? కబోర్డులు కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెలు.

అయిదోది, ముహూర్తం ముందే చెప్పెయ్యాలి. ఆషాఢం దాటితే శ్రావణంలో ఊరంతా గృహప్రవేశాలే. మిస్త్రీలు మాత్రం ఉన్నవాళ్లే. మీ తేదీ తెలిస్తే కాంట్రాక్టరు గారు దాన్నిబట్టి తన జట్టును సర్దుకుంటారు. మీ ఇంట్లో పెట్టెలు నిలబెట్టి, కొండాపూర్‌లో తలుపులు బిగించి, మణికొండలో కోత మొదలుపెట్టి, మళ్లీ మీ ఇంటికొచ్చి ఒక హ్యాండిలు పెట్టి వెళతారు. ప్రతి ఇంట్లో నేల మీద తాజా రంపపు పొట్టు కనబడాలి, అంతే. పొట్టు ఉన్నచోట పని జరుగుతున్నట్టు లెక్క. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు మాత్రం ఆయన స్వయంగా ఫోను చేస్తారు, "లేబర్‌కు ఇవ్వాలి సార్, కొంచెం అమౌంటు వేస్తే..." అని. పంతులు గారు రాసిచ్చిన లగ్నపత్రిక ఆయన చేతిలో ప్రామిసరీ నోటు.

ఆ లేబర్ పేర్లు మాత్రం అడక్కండి. రాజస్థాన్ నుంచో ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచో వచ్చిన కుర్రాళ్లు. ఎనిమిదడుగుల షీటు లిఫ్టులో పట్టదు కాబట్టి, ఒక్కోటి ముప్పై కిలోలకు తక్కువ లేనిదాన్ని వీపుకు ఆనించుకుని మెట్ల మీదుగా ఏడో అంతస్తుకు మోస్తారు. రాత్రి ఆ పొట్టులోనే దుప్పటి పరుచుకుని పడుకుంటారు. మనం మంచిరోజు చూసి పాలు పొంగించే వంటగదిలో నెలముందు నుంచే రొట్టెలు కాల్చుకు తింటున్నది వాళ్లే. మనం కాంట్రాక్టరుకు కట్టే 1,450లో వాళ్లకు చేరేదెంతో అడిగితే, ఆ తర్వాత బేరమాడటానికి నోరు రాదు. కాబట్టి అడక్కపోవడమే మంచిది.

చివరిది చెల్లింపు. సగం అడ్వాన్సు, మెటీరియల్ దిగాక నలభై శాతం, అంతా అయ్యాక పది. ఆ పదీ మన చేతిలో ఉంది కదా, పని ఎక్కడికి పోతుందని మీసం మెలేస్తాం. పూజగది తలుపు వంకర, ఒక సొరుగు బయటికి రాదు, మాస్టర్ బెడ్‌రూమ్‌లో అంచు పట్టీ ఊడింది. ఫోను చేస్తే "రేపు పంపిస్తా సార్." ఆయన రారు. ఆ పదీ అడగరు కూడా. మొదటి రోజు పెయింటు డబ్బా మీద కూర్చుని 1,450 రాసినప్పుడే ఆ పది వదిలేసి రాసుకున్నారు. అది మన చేతిలో ఉన్న పగ్గం అనుకున్నాం, నిజానికి అది ఆయన కొనుక్కున్న విడుదల పత్రం.

ఇంత జరిగినా ఆయనకు గిరాకీ తగ్గదు. ప్రకటనకు రూపాయి ఖర్చుపెట్టరు. గృహప్రవేశానికొచ్చిన బంధువులు సొరుగు లాగి వదులుతారు. అది మెత్తగా మూసుకుంటే "అబ్బా" అంటారు. "ఎంత పడింది?" అని అడుగుతారు. 1,450 ఇచ్చామని చెబితే మోసపోయామనుకుంటారని "1,250" అంటాం. వంకర తలుపుకు తోరణం కట్టి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. "నంబరు ఇస్తావా?" అంటాడు తోడల్లుడి తమ్ముడు. సంతోషంగా ఇస్తాం. అతను 1,250 దగ్గర మొదలుపెట్టి 1,150కి దింపుతాడు. కాంట్రాక్టరు గారు కాదనరు, ఆయన ఎవరి మనసూ నొప్పించరు. ఆ మూడు వందలు ఆయన లాభంలోంచి పోవు. 18 ఎంఎం 16 అవుతుంది, 710 303 అవుతుంది, లోతు ఇంకో అంగుళం లోపలికి పోతుంది. మనం ఆడిన అబద్ధం తోడల్లుడి తమ్ముడి సింకు కింద ఉబ్బుతుంది.

మా కాలనీకి వేరే ఒకాయన కూడా వస్తుంటాడు. స్వయంగా వడ్రంగం తెలిసిన మనిషి. కొలతలు అంగుళాలతో సహా రాస్తాడు. ప్లై గ్రేడు, మందం, లోతు, హింజు కంపెనీ, ఏ తేదీకి ఏది పూర్తవుతుంది, ఆలస్యమైతే ఎంత తగ్గించుకోవచ్చు, అన్నీ రెండు పేజీలు రాసి సంతకం పెట్టి ఇస్తాడు. చివర 1,700 అని ఉంటుంది. జాడీకి చోటెక్కడో గీసి చూపించాడని ఆడవాళ్లు కూడా మెచ్చుకున్నారు. అందరూ ఆయనకు టీ ఇచ్చి, ఆలోచించి చెబుతామని పంపించేశారు. ఆ రెండు పేజీలు మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు. మర్నాడు 1,450 కాంట్రాక్టరు గారు రాగానే ఆయన చేతిలో పెట్టారు.

"ఇందులో ఉన్నవన్నీ మీరూ వెయ్యాలి. రేటు మాత్రం మీదే ఖాయం."

ఆయన ఆ కాగితం విప్పి చూడలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"అలాగే సార్."