చెత్త ఎత్తే రోబోకి అద్దాల అలమరా

2008లో పిక్సార్ వాళ్లు ‘వాల్-ఈ’ అని ఓ సినిమా తీశారు. కొన్నదల్లా పారేసి, పారేసినదల్లా పోగుపడి, ఆఖరికి కాలు పెట్టే చోటు లేక మనుషులు భూమినే వదిలి ఓడెక్కి పోతారు. వెనకాల ఒక్క చిన్న రోబో మిగులుతుంది. 700 ఏళ్లపాటు మన చెత్త ఎత్తి, పొట్టలో కుక్కి, దిమ్మలుగా నొక్కి, ఆకాశహర్మ్యాలంత ఎత్తున పేరుస్తుంది. మనల్ని చూసి మనమే నవ్వుకునేలా తీశాడు దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. ఆస్కార్ ఇచ్చి మర్యాద చేశారు. ఆ తర్వాత 2015లో అదే రోబోని 676 ప్లాస్టిక్ ముక్కలు చేసి, డబ్బాలో పెట్టి లెగో వాళ్లు అమ్మితే, 60 డాలర్లు పోసి ఎగబడ్డారు. అడ్డమైనవన్నీ కొనకండర్రా అని మొత్తుకున్న సినిమా మీద అభిమానం చూపించుకోవడానికి అభిమానులకు దొరికిన దారి, ఇంకోటి కొనడం!

ఆ బొమ్మకి రూపం ఇచ్చింది పిక్సార్‌లో ఆ సినిమాకే పనిచేసిన యానిమేటర్ ఆంగస్ మెక్లేన్. తీరిక వేళల్లో సొంతంగా కట్టుకున్నాడు. పదివేల మంది మద్దతు పలికాక కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. డబ్బాతో వచ్చే సూచనల పుస్తకం చూసి కాదు, బుర్ర పెట్టి కట్టాడు. అయితే తొలి విడత బొమ్మలకి మెడ నిలవక తల వాలిపోయేది. కంపెనీ మెడ మార్చింది, కొన్నవాళ్లకి కొత్త ముక్కలు పంపింది. తనని ఎక్కడ నిలబెట్టారో అర్థమై సిగ్గుతో తల దించుకుందేమోనని మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక కట్టేవాళ్ల సంగతి. “ఇది సృజనండీ, నా చేత్తో కట్టాను” అంటారు. ఏ ముక్క, ఎన్ని, ఎక్కడ పెట్టాలి అని పుస్తకంలో పేజీ పేజీకీ బొమ్మలేసి ఉంటుంది. చెప్పిన ముక్కని చెప్పిన చోట నొక్కడమే పని. సినిమాలో రోబోకి ఇచ్చిన ఆజ్ఞా ఇంతే: ఎత్తు, నొక్కు, పేర్చు. కానీ అది మధ్యలో ఆగుతుంది. రూబిక్స్ క్యూబ్ కనిపిస్తే దాచుకుంటుంది. పాత వీడియో టేపు చూసి చెయ్యి పట్టుకోవడం నేర్చుకుంటుంది. స్పూనూ ఫోర్కూ కలిసిన వస్తువొకటి దొరికితే ఏ గూట్లో వెయ్యాలో తేలక, కాసేపు తటపటాయించి, రెండింటికీ నడుమ పెడుతుంది. మన కళాకారుడు మటుకు సగం కట్టాక ఒక ముక్క పక్క గుబ్బ మీద పడిందని తెలిస్తే, అర్ధరాత్రయినా సరే, అంతా ఊడదీసి పుస్తకంలో ఉన్నట్టే పెడతాడు. ఇద్దరిలో రోబో ఎవరు?

కట్టడం అయ్యాక అసలు తతంగం మొదలు. అద్దాల అలమరా, లోపల ఎల్‌ఈడీ దీపాలు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినవాళ్లు పేరంటాళ్లని పిలిచి, శనగలు పంచి, పండగ అయ్యాక బొమ్మల్ని పాతచీరల్లో చుట్టి అటకెక్కిస్తారు. ఈ కొలువుకి ఉద్వాసన లేదు, పేరంటమూ లేదు. వచ్చిన చుట్టాల పిల్లాడు చెయ్యి చాపితే చాలు, “నాన్నా, అది ఆడుకునేది కాదమ్మా” అంటూ నలభై ఏళ్ల పెద్దమనిషి అడ్డం పడతాడు. బొమ్మట, ఆడుకునేది కాదట! 2021లో వచ్చిన ‘స్టార్ వార్స్’ రోబో ఆర్2-డీ2 లెగో సెట్‌కి 2,314 ముక్కలతో పాటు వివరాలు రాసిన ఫలకం కూడా ఇచ్చారు, చూడొచ్చినవాళ్లు చెత్తబుట్ట అనుకోకుండా. దుమ్ము దులపడానికి మేకప్ బ్రష్షు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుందని కిటికీలకి పరదాలు. వాల్-ఈ పుట్టడమే పసుపు కనక బతికిపోయాడు. ఏడు శతాబ్దాలు తుప్పూ దుమ్ములో దొర్లిన రోబో మీద ఆ ఇంట్లో ఈగ వాలడానికి వీల్లేదు.

ఇంత సేవ చెయ్యాలంటే ముందు బొమ్మ ఇంటికి రావాలిగా. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కాక, ఇక్కడి భక్తులకి అమెరికా బావమరిది సూట్‌కేసే దిక్కయింది. ఆవకాయ వెళ్లిన పెట్టెలో లెగో ఇటుకలు తిరిగొస్తున్నాయి.

“ప్లాస్టిక్ అయితేనేం, పారేస్తామా? తరతరాలు ఉంటుంది” అని ఇంకో సమర్థన. ఉంటుంది, సందేహం లేదు. 1997లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడ మీంచి కంటెయినర్ జారిపడి సుమారు 48 లక్షల లెగో ముక్కలు సముద్రం పాలయ్యాయి. ఆక్టోపస్‌లూ డ్రాగన్లూ ఏళ్ల తరబడి ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఒక ఇటుక సముద్రంలో 100 నుంచి 1,300 ఏళ్ల దాకా ఉండగలదని 2020లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు అంచనా కట్టారు. సినిమాలో రోబో పడ్డ 700 ఏళ్ల పాటు ఈ లెక్కకి సరిగ్గా నట్టనడుమ పడింది!

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్లు కట్టనే కట్టరు. రేటు పెరుగుతుందని డబ్బా సీలు కూడా తియ్యకుండా బీరువాలో పెడతారు. పాత లెగో సెట్లు ఏటా సగటున పది పదకొండు శాతం లాభమిచ్చాయని మాస్కో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు తేల్చాక వీళ్లకి శాస్త్రాధారం కూడా దొరికింది. సినిమాలో వాల్-ఈకి చెత్తలో వజ్రపుటుంగరం దొరుకుతుంది. ఉంగరం తీసి అవతల పడేసి, టప్పున మూసుకునే దాని డబ్బాని మురిపెంగా దాచుకుంటాడు. అది చూసి హాల్లో జనమంతా నవ్వారు. వీళ్లు మాత్రం నోట్ చేసుకున్నారు.