ఎల్బీనగర్ నుంచా సార్?

కారు కొనడానికి మెట్రోలో వెళ్లకూడదట. ఈ ముక్క మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఎల్బీనగర్ స్టేషన్‌లో ఎక్కాం, నేనూ మా కాకా. మా నాయనకు ఆఖరి తమ్ముడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ముప్పై ఏళ్లు బత్తాయి కమీషన్ దుకాణం నడిపినవాడు. 2021లో మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక "ఇగ చాలు" అని లెక్కల పుస్తకం మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇబ్రహీంపట్నం అవతల తాతలనాటి నేల కాస్త ఉంటే ఈమధ్యే అమ్మాడు. చేతిలో డబ్బు పడితే మావైపు జనానికి తెలిసినవి రెండే పనులు: ఇంకో ప్లాటు, లేదంటే కారు. ప్లాట్లు కాకాకు ఇప్పటికే ఉన్నాయి.

అయినా కారు మాట డబ్బుతో పుట్టలేదు, బురదలో పుట్టింది. నాగోలు దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. నా పదకొండేళ్ల చిన్న బండిని చూసి పార్కింగ్ కుర్రాడు "అంకుల్, ఎనకకు పెట్టుకోండి" అని జనరేటర్ పక్కన మడుగు చూపించాడు. మా వెనకే వచ్చిన తెల్లటి జర్మనీ బండికి మాత్రం మెట్ల పక్కనే చోటు దొరికింది. అందులోంచి దిగినతను ఒకప్పుడు కాకా దుకాణంలో హమాలీల లెక్క రాసిన పిల్లగాడు. "బాగుపడ్డడు, మంచిగైంది" అన్నాడు కాకా. ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు. ఆ మౌనం ఖరీదు ఎనభై లక్షలని నాకప్పుడు తెలియదు.

ఇక మెట్రో ఎందుకంటారా? షోరూము ఊరికి ఆ కొసన ఉంది. రోడ్డు మీద పోవాలంటే కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట అంటూ ఒక్కో సిగ్నల్‌కూ ఒక్కో దండం పెట్టుకుంటూ పోవాలి. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్ లైను మొదలైనప్పటి నుంచి మావైపు కార్లున్నవాళ్లు కూడా కార్లను ఇంటి దగ్గర పడుకోబెట్టి రైలెక్కుతున్నారు. ఎల్బీనగర్ నుంచి లెక్కపెడితే అమీర్‌పేట పదిహేడో స్టేషను. అక్కడ రైలు మారి, దిగి, ఆటో ఎక్కి, షోరూము గేటు ముందు దిగాం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. కొట్టి చెయ్యి చాపాడు. కాకా ఆ చెయ్యి పట్టుకుని ఊపి "బాగున్నవా?" అన్నాడు. పాపం, అతను చాపింది తాళంచెవి కోసం.

"కారు కీ ఇస్తే పార్క్ చేయిస్తా సార్."

"కారు లేకనే గదా వచ్చినం" అన్నాడు కాకా. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. సెల్యూట్‌ను వెనక్కి తీసుకునే పద్ధతి ఉంటే అతను ఆ క్షణమే తీసుకునేవాడు.

రెండో తప్పు గాజు తలుపు దగ్గర జరిగింది. లోపల పాలరాయి అద్దంలా మెరుస్తోంది, పైనుంచి దీపాలు, మధ్యలో ఎత్తు మీద బండి, ఎక్కడినుంచో సన్నగా సంగీతం, మల్లెపూలో అగరొత్తో తేలని వాసన. ఇన్ని హంగులున్న చోటికి చెప్పులతో పోవడం కాకా ఎరగడు. గడప బయట విడిచాడు. నేను కళ్లతో వద్దంటూనే ఉన్నాను. వట్టి కాళ్లతో, తెల్ల ధోవతితో, భుజాన తువ్వాలుతో ఆయన లోపలికి నడుస్తుంటే నాలుగు జతల కళ్లు ఆ పాదాలను చూసి, తమ తమ ఫోన్లలోకి దిగిపోయాయి.

ఇరవై నిమిషాలు. బండి చుట్టూ మేం ఆరు ప్రదక్షిణలు పూర్తి చేశాం. తలుపు పట్టి చూడబోతే ఒక గొంతు "డోంట్ టచ్ సార్, స్క్రాచ్ పడతది" అంది. తర్వాత ఒక యువకుడు వచ్చాడు. బిగుతు కోటు, మొనదేలిన బూట్లు. కార్డు ఇచ్చాడు. కాకా దాన్ని కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ నాతో చదివించుకున్నాడు. రిలేషన్‌షిప్ మేనేజర్.

"రిలేషనంటే చుట్టరికం గదరా. వరసకు మనకేమైతడు?"

యువకుడు నవ్వలేదు. "ఎక్కడినుంచి వస్తున్నారు సార్?"

"ఎల్బీనగర్."

"ఓ... ఎల్బీనగర్ నుంచా సార్?"

ఆ 'ఓ' పొడవు చెప్పాలి. మలక్‌పేట దగ్గర మొదలై హయత్‌నగర్ దాకా సాగింది. పిన్‌కోడ్ తెలిసిన తర్వాత మనిషి ముఖంలో వెలుగు తగ్గడం నేను సంబంధాలు చూసేటప్పుడు గమనించాను గానీ, కార్ల దగ్గర గమనించడం ఇదే మొదలు. వెంటనే అతను మమ్మల్ని ఎత్తు మీదున్న బండి దగ్గర్నుంచి పక్కకు నడిపిస్తూ "మా దగ్గర ప్రీ-ఓన్డ్ కూడా ఉన్నాయి సార్" అన్నాడు.

"అంటే?"

"ఇంతకుముందు ఒకరు వాడినవి."

"సెకండ్‌హ్యాండా?"

"మేం అట్ల అనం సార్."

కాకా ముప్పై ఏళ్లు సరుకు చూసిన మనిషి. మచ్చకాయ, మంచికాయ పక్కపక్కన పెట్టి ధర చెప్పినవాడు. పేరు మారిస్తే కాయ మారుతుందని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆ మాట అక్కడ వదిలేసి తన మనసులో ఉన్నది అడిగాడు. "వానల్ల సరూర్‌నగర్ చెరువు పొంగుతది. నీళ్లల్ల పోతదా?"

నవ్వకండి. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి, బండ్లు మునిగి, జనం పడవల్లో బయటికి వచ్చారు. తూర్పు హైదరాబాద్‌లో కారు కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. జవాబు ఏమొచ్చిందంటే, ఈ ఇంజను ఆటోబాన్‌ల కోసం తయారైందట. ఆటోబాన్ ఏ చెరువు కింద ఉందో కాకా అడగలేదు. మైలేజీ అడిగాడు. యువకుడు నొచ్చుకున్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల వయసు రెండుసార్లు అడిగినట్టు.

"ఒకసారి నడిపి చూస్తం" అన్నాడు కాకా.

"ప్రొఫైల్ చెక్ చేసి కాల్ చేస్తాం సార్."

"తర్బుజకాయ ఇరవై రూపాయలున్నప్పుడు గూడ ఓ ముక్క కోసి ఎర్రగున్నదో లేదో చూపెట్టిన. కొనేటోని ప్రొఫైల్ అడగలే."

ధర కాగితం మాత్రం అడిగి తెచ్చుకున్నాం. ఆ కాగితం దగ్గర నాకు మనసు కొంచెం కుదుటపడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు జీఎస్టీ 40 శాతం. బండి 10 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీసీఎస్. ఆపైన జీవితకాల పన్ను, ఇన్సూరెన్సు, వాళ్లు ఏవో పేర్లు పెట్టుకున్న మరో నాలుగు వరసలు. కాకా చెప్పులు వేసుకున్నాడా, మెట్రోలో వచ్చాడా అని సర్కారు ఒక్క ముక్క అడగలేదు. భేదం చూపకుండా, ఆప్యాయంగా, అందరి దగ్గరా ఒకటే రేటు. మంచి నంబరు కావాలంటే అదీ వేలంలో ఇస్తుంది. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 పాతిక లక్షలు దాటింది. కస్టమర్ సర్వీసంటే అది.

బయటికొస్తే కాకా చెప్పులు లేవు. వెతికితే పూలకుండీ వెనక దొరికాయి. వచ్చేపోయే కస్టమర్ల కంటపడకుండా ఎవరో శ్రద్ధగా దాచారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. షోరూములో మా వస్తువు ఒకదాన్ని ఎవరైనా జాగ్రత్తగా పట్టించుకున్నారంటే అది ఇదొక్కటే.

తిరుగు రైల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం, చిన్నమ్మ జాకెట్టు ముక్క తెమ్మంది కాబట్టి. మీరూ ఎరుగుదురు ఆ దుకాణాలు. మెట్లెక్కకముందే దుకాణదారు "రాండ్రి, రాండ్రి, చూస్తే పైసలు లెవ్వు" అన్నాడు. కూర్చోబెట్టాడు. నూటనలభై రూపాయల జాకెట్టు ముక్క కోసం గుట్టగా అరవై ముక్కలు పరిచాడు. ఒక చీర తానే భుజం మీద వేసుకుని, పక్కకు తిరిగి, కొంగు కూడా చూపించాడు. మంచినీళ్లు ఇచ్చాడు. ఎక్కడినుంచి వచ్చారని అతనూ అడిగాడు, బస్సుకు టైమవుతుందేమో కనుక్కుందామని. ఏమీ కొనకుండా లేచి వెళ్లినా గుట్టంతా మడతపెట్టుకుంటాడు, వెనక తిట్టుకుంటాడేమో గానీ ముఖాన తిట్టడు. నూటనలభై రూపాయలు అమ్మేవాడికి మనిషిని చిన్నబుచ్చే స్తోమత లేదు. ఆ స్తోమత రావాలంటే సరుకు కోటికి దగ్గరపడాలి.

వకీలు మిత్రుడొకణ్ని అడిగాను, దీనికి కేసుందా అని. 2019 వినియోగదారుల చట్టం చక్కగా విడమరిచి చెప్పాడు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీ. "మీరెంత చెల్లించారు?" అన్నాడు. ఆటోకు అరవై. "కొంటే గదా వినియోగదారుడు! కొనకముందు పడిన అవమానానికి సెక్షన్ లేదు" అన్నాడు. అంటే మనల్ని సరిగ్గా అవమానించాలంటే బండి అమ్మకుండా ఉండటమే వాళ్లకు క్షేమం. వాళ్లు చట్టం చదివే చేస్తున్నారు.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఆల్వార్ రాజు కథ ఎత్తుతారు. లండన్ షోరూములో తన్ని గెంటితే రోల్స్‌రాయ్స్‌లన్నీ కొనిపారేసి చెత్త ఎత్తించాడని. ఆ కథకు గట్టి సాక్ష్యం ఎక్కడా కనపడదు. అయినా చావదు, షోరూములు ఉన్నంతకాలం దాని అవసరం ఉంటుంది కాబట్టి. మన ఊరి కథకు బండే సాక్ష్యంగా మిగిలింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పసుపుపచ్చ రోల్స్‌రాయ్స్‌కు ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశాడు. వెయిటింగ్ పీరియడ్ మనకు కొత్త కాదన్నమాట. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది. బట్టల విషయంలో ఆయన పొదుపు జగమెరిగినదే. ఆ పాత టోపీ, నలిగిన షేర్వానీతో ఆయనే మొన్న మాతో వచ్చుంటే, ప్రొఫైల్ చెక్ చేసి కాల్ చేస్తామనేవారు.

తుమకూరు సంగతి మాత్రం నిజం. 2022 జనవరిలో అక్కడొక రైతు మహీంద్రా పికప్ కొందామని పోతే సేల్స్‌మన్ పది రూపాయలు కూడా లేవంటూ ఎగతాళి చేశాడు. గంట తిరక్కుండా ఆ రైతు పది లక్షలతో వచ్చి నిలబడ్డాడు. వీడియో దేశమంతా తిరిగింది, ఆనంద్ మహీంద్రా స్పందించారు, కంపెనీ విచారం చెప్పింది. నేను ఉత్సాహంగా ఈ కథ కాకాకు చెప్పి, మనమూ అట్లనే పోదామన్నాను. కాకా కాసేపు పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"ఆయన పైసలు తేకపోతుండెననుకో. అప్పుడు తిట్టింది కరెక్టయితుండెనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ వీడియోను నేను పన్నెండు మందికి పంపాను. పన్నెండు మందీ చప్పట్ల బొమ్మలు పెట్టారు. డబ్బు చూపించాడు కాబట్టి మర్యాదకు తగినవాడే అని మేమందరం ఆ సేల్స్‌మన్ పక్కనే నిలబడి సంతకం పెట్టినట్టు అప్పుడు ఎవరికీ తోచలేదు. పైగా చట్టం ప్రకారం ఆ పగ కూడా కుదరదు. 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం 2017 నుంచి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. సంచి తెరిచి బల్ల మీద కట్టలు కుమ్మరించే సీను సినిమాకే. ఆత్మగౌరవాన్ని ఆర్టీజీఎస్ చెయ్యాలి. అది పడేసరికి మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది.

మూడో రోజు కొత్తపేట రైతుబజార్లో ఉండగా కాకాకు ఫోను. ప్రొఫైల్ తేలిందేమోనని స్పీకర్ పెట్టాడు. ఎవరో అమ్మాయి. మా షోరూము విజిట్‌కు ఒకటి నుంచి పది వరకు ఎన్ని మార్కులిస్తారు సార్ అంది.

"వాళ్లు నాకెన్ని ఏసిండ్రో ముందుగాల అడుగు బిడ్డా."

అమ్మాయి ఫక్కున నవ్వి, మళ్లీ సర్దుకుని, గొంతు తగ్గించి అంది. "పది రాకపోతే మా ఇన్సెంటివ్ కట్ అయితది సార్. జర చూడండి."

"ఎక్కడుంటవు?"

"దిల్‌సుఖ్‌నగర్‌ల, హాస్టల్ సార్. గ్రూప్-2కు ప్రిపేరవుతున్న. ఇది పార్ట్‌టైం."

"గట్లనా. అయితే పది ఏసుకో. పదకొండున్నదా?"

"లేదు సార్, పదే."

"తిన్నవా మరి?"

ఇంతసేపూ టమాటాలామె తక్కెడ పట్టుకుని మా మాటలు వింటూనే ఉంది. కిలో తూచి, అడక్కుండానే ఇంకో రెండు కాయలు కొసరేసి, సంచి అందించబోతూ "ఎక్కడుంటరు పెద్దాయినా?" అంది. కాకా నావైపు చూశాడు. ఆ కళ్లలో మార్కెట్టు రోజుల మెరుపు కనిపించింది.

"జూబ్లీహిల్స్" అన్నాడు.

ఆమె కొసరేసిన రెండు టమాటాలూ తీసి మళ్లీ గుట్టలో వేసుకుంది.