కత్తి దూసిన చర్లపల్లి

సినిమా కత్తియుద్ధాల్లో మీకేది ఇష్టమని అడిగితే చర్లపల్లి పెద్దలు కళ్లు మూసుకుని కాంతారావు, రాజనాల జోడీకే ఓటేస్తారు. కోట అట్టదే కావచ్చు, మణికట్టు మాత్రం అసలుది. ఒక్క విలన్ కోసం మెట్లెక్కి, మెట్లు దిగి, మధ్యలో నాలుగు మాటలు విసురుకుని మరీ పోరాడేవారు. ఇప్పుడంత ఓపికెవరికి? 2009లో ‘మగధీర’ ఒక్కడే వందమందిని తెగనరికాడు. ఆ ఏడాదే కాంతారావు కన్నుమూశారు, చివరి రోజుల్లో డబ్బుకు కటకటపడి. మరుసటి ఏడాదే పరిశ్రమ ‘కత్తి కాంతారావు’ పేరుతో కామెడీ తీసి నివాళి కానిచ్చేసింది. పేరుకు గిరాకీ ఉంది మరి, మనిషికే లేకపోయింది!

కత్తియుద్ధాలు అంతరించాయని బెంగపడేవారు 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి రైల్వే టెర్మినల్‌లో అర్ధరాత్రి దిగి చూడాలి. లోపలంతా రాజమహల్ హంగు. బయట ఆటో. ప్రయాణికుడు ‘మీటరు’ అంటాడు, అటునుంచి రేటు దూసుకొస్తుంది. చేతిలో డాలు లేదు, పెట్టె ఉంది. రాజనాల అయినా ఉప్పల్ అనేలోపే రాజీకొచ్చేవాడు.