ఎర్ర యెల్లు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఈ కింది ఆటవెలది ఇంగ్లండులో రెడింగ్ పట్టణాన కాపురమున్న ఒక బెజవాడ కవి ఫోనులో, సరుకుల జాబితాకీ పిల్ల ఈత క్లాసు ఫీజు లెక్కకీ మధ్య దొరికింది. కవి పేరు వేసుకోలేదు. పద్యం నెత్తిన "మూడోసారి, బుధవారం, 8.10" అని మాత్రం ఉంది. దీన్నిబట్టి కవి కాలం పొద్దుటిపూట అనీ, కావ్యహేతువు రెండు పరాజయాలనీ తేలుతోంది. టీకాకారుడికి కవితో బాగా పరిచయం. ఎంత పరిచయమన్నది ఇక్కడ అప్రస్తుతం.

సందర్భమేమనగా: భారతదేశపు లైసెన్సు ఉన్నవాడు బ్రిటన్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి పన్నెండు నెలలు దాని మీదే కారు నడుపుకోవచ్చు. ఆ ఏడాదంతా కవి నిక్షేపంగా నడిపాడు. హీత్రూ వెళ్లి అత్తగారిని తెచ్చాడు. జోరువానలో ఎం4 మోటారు మార్గం మీద వేల్స్ దాకా పోయాడు. పన్నెండు నెలలు నిండిన మర్నాడు లేచేసరికి అతనికి కారు నడపడం రాదు. చేతులవే, కాళ్లవే, కారూ అదే. బెజవాడలో పద్దెనిమిదేళ్లు నడిపిన విద్య రాత్రికి రాత్రి హరించుకుపోయింది. పరశురాముడి శాపం కర్ణుడికి యుద్ధంలో తగిలితే, ఈయనకు గడువు తేదీన తగిలింది. ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణాఫ్రికా వంటి కొన్ని దేశాలవాళ్లు తమ కార్డు ఇచ్చి ఇక్కడి కార్డు పుచ్చుకోవచ్చు. ఆ పంక్తిలో మనకు విస్తరి వెయ్యలేదు. కనుక కవి 34 పౌండ్లు కట్టి ఆకుపచ్చని తాత్కాలిక లైసెన్సు తెచ్చుకుని, అక్షరాభ్యాసానికి కూర్చున్నాడు.

పద్యం

ఆ. అద్దమందు జూచి యామీద సైగిచ్చి
మలుపు దిరిగి పిదప మందగతిని
కుడిని వచ్చువారి కొసగి దారొప్పుగా
ఎర్ర యెల్లు గట్టి యేగవలయు

ప్రతిపదార్థం

అద్దమందున్ = అద్దాలయందు (జాత్యేకవచనం; లోపల ఒకటి, తలుపులకు రెండు, వెరసి మూడు); చూచి = చూస్తున్నట్టు పక్కవాడికి కనబడి; ఆ మీదన్ = అటుపిమ్మట మాత్రమే; సైగ ఇచ్చి = ఇండికేటరు వేసి (కిటికీలోంచి చెయ్యి ఊపి అని బెజవాడ పాఠం, ఇక్కడ పనికిరాదు); మలుపు తిరిగి = సందు తిరిగి; పిదపన్ = తరువాత; మందగతిని = ఏనుగు నడకతో (ఈ పదం దగ్గర టీకాకారుడు కవితో ఏకీభవించడు); కుడిని వచ్చువారికిన్ = రౌండెబౌటులో కుడివైపు నుంచి వచ్చేవారికి; దారి = త్రోవను; ఒప్పుగాన్ = హారన్ కొట్టకుండా, గొణుక్కోకుండా; ఒసగి = ఇచ్చి; ఎర్ర యెల్లు = తెల్లని పలక మీది ఎర్రని ఎల్ అక్షరాన్ని; కట్టి = కారుకు ముందొకటి వెనకొకటి తగిలించి; ఏగవలయున్ = పోవలెను. ఎవరు? కర్త లుప్తం. సిగ్గుచేత అని ఊహించుకోవాలి.

తాత్పర్యం

కారు నడపడం వచ్చినవాడు, రానివాడిలాగా నడిపి, వచ్చని నిరూపించుకోవాలి.

విశేషాలు

ఇక్కడి శిక్షకులు మూడు మాటలు జపిస్తుంటారు: మిర్రర్, సిగ్నల్, మనూవర్. అద్దం, సైగ, మలుపు. మూడూ నామవాచకాలే గనుక ఏది ముందో ఏది వెనకో వరసను బట్టి బట్టీ పట్టాల్సిందే. మన కవి ఆ పనిని క్త్వార్థకానికి అప్పగించాడు. చూచి, ఇచ్చి, తిరిగి. ముందరి పని పూర్తయితే తప్ప తరవాతి పనికి చోటివ్వనిది క్త్వార్థకం. చిన్నయసూరి చేతికి కారిచ్చి ఉంటే మొదటిసారే పాసయ్యేవాడని టీకాకారుడి నమ్మకం. కవి మాత్రం బెజవాడ అలవాటు కొద్దీ మలుపు తిరిగి, సైగిచ్చి, అప్పుడు వెనక ఎవరైనా తిడుతున్నారేమోనని అద్దం చూసేవాడు. ఇది వ్యుత్క్రమం.

"చూచి" దగ్గర ఇంకొంచెం ఆగాలి. మొదటి పరీక్షలో కవి అద్దాలు చూడకపోలేదు. చూశాడు. కనుగుడ్లు మాత్రం కదిలాయి, తల కదల్లేదు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న కన్ను అలాగే చూస్తుంది. ఏలూరు రోడ్డులో తల తిప్పే వ్యవధి ఎక్కడిది? పక్క సీట్లో పరీక్షాధికారి టాబ్లెట్ మీద గీతలు పెట్టుకుంటూ పోయాడు. చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారు. పెద్ద తప్పు ఒక్కటి చాలు, సరి. అద్దం చూడకుండా లేన్ మారాడన్నది ఆ పెద్ద తప్పు.

ఆ సాయంత్రం కవి తన సహోద్యోగి కుర్రాడి దగ్గర మొర పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, నేను చూశానయ్యా! ఒట్టు!"

"మీరు చూశారన్నా, కాదన్లేదు. మీరు చూడ్డం ఆయన చూశాడా?"

ఉపనిషత్తులో ద్రష్ట ఒక్కడే. ఇక్కడ ఇద్దరు. అప్పటినుంచి కవి గుడి గోపురం చూసే పల్లెటూరి భక్తుడిలా మెడంతా తిప్పి అద్దాలు చూడటం మొదలుపెట్టాడు. బయల్దేరే ముందు భుజం మీదుగా వెనక్కి కూడా చూడాలి, అద్దానికి అందని మూల ఒకటుంటుంది గనుక. పెళ్లిపందిట్లో బంధువుల కోసం వెతుకుతున్నట్టుందని కవి భార్య వ్యాఖ్య. ఆవిడ మొదటిసారే పాసైంది. ఆవిడకు అంతకు ముందు కారు నడపడం రాదు. ఈ రెండు వాక్యాలకూ గల కార్యకారణ సంబంధం మీద ఆ ఇంట్లో చర్చ నిషిద్ధం.

"మందగతిని" అన్నచోట కవి పొరబడ్డాడు, లేదా అలిగాడు. రెండోసారి తప్పింది సరిగ్గా ఇందుకే. రౌండెబౌటులో కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలన్న నియమం బ్రిటన్‌లో 1966 నవంబరు నుంచి ఉంది. బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర పెరిగిన ప్రాణికి దీన్ని మించిన సంయమం వేరే లేదు. కుడివైపు నుంచే కాదు, ఎడమ నుంచీ ఎదురు నుంచీ వస్తున్నా, సందు కనబడితే చాలు ముక్కు దూర్చడం అక్కడి ధర్మం, దూర్చినవాడికే దారి. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా కవి రెండో పరీక్షలో మిక్కిలి మర్యాద చూపాడు. కుడినుంచి ఒక కారు వచ్చింది, ఆగాడు. ఇంకోటి దూరాన కనబడింది, ఆగాడు. ఏదీ కనబడలేదు, వస్తుందేమోనని ఆగాడు. వెనక నాలుగు కార్లు నిలబడ్డాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఆ నిశ్శబ్దం కన్నా తిట్టు నయమని కవి అంటాడు. అనవసరపు తటపటాయింపు కూడా ఇక్కడ తప్పే. దారి ఉన్నప్పుడు పోకపోతే దారి లేనప్పుడు పోయినంత పాపం. కాబట్టి ఇక్కడ "సమగతిని" అని పాఠం దిద్దుకోవాలని టీకాకారుడి సూచన. యతి చెడుతుంది. యతి పోయినా పరీక్ష నిలుస్తుంది.

రౌండెబౌట్ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. రెడింగుకు పడమటగా గంట దూరంలోపే స్విండన్ పట్టణంలో 1972లో కట్టిన మాయా రౌండెబౌటు ఉంది. చుట్టూ అయిదు చిన్న చక్రాలు, నడుమ ఒకటి. బయటి చుట్టు గడియారం ముళ్ల దారిన తిరుగుతుంది, లోపలి చుట్టు దానికి ఎదురు తిరుగుతుంది. అభిమన్యుడి పోలిక అందరూ అరగదీసినందున ఇక్కడ వర్జితం. ఇది విలోమకావ్యం. ముందు నుంచి చదివితే ఒక కథ, వెనక నుంచి చదివితే ఇంకో కథ, నడుమ చదివితే ఇన్సూరెన్సు.

శంక: పద్యంలో శబ్దాలంకారమేదీ? సమాధానం: లేదు, ఉండరాదు. ఇక్కడ శబ్దాలంకారమంటే హారన్. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ 112వ సూత్రం ప్రకారం కదులుతున్నప్పుడు, నేనున్నానని హెచ్చరించడానికి మాత్రమే దాన్ని మోగించాలి. ఆగి ఉన్నప్పుడు, మరొక బండి వల్ల ప్రమాదం ముంచుకొస్తే తప్ప, కూడదు. జనావాసాల్లో రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు దాకా కూడదు. కోపం చూపించడానికి ఎప్పుడూ కూడదు. మన రోడ్డు మీద హారన్ భాషాభాగం. అది అవ్యయమూ, సంబోధనా, విశేషణమూ, ఒక్కోసారి సుదీర్ఘ సమాసం కూడా. పల్లకీ మోస్తున్న మునుల్ని "సర్ప, సర్ప" అని తొందరపెట్టిన నహుషుడు పామై పడ్డాడు కదా, పురాణాల్లో అది తొలి హారన్ కేసు. వ్యాసుడు కథ చెప్పి ఊరుకున్నాడు, ఇంగ్లీషువాడు సూత్రం రాసుకున్నాడు.

అర్థాలంకారాల్లో శ్లేష ఒకటి ఉంది, అది హెడ్‌లైటుది. ఎదుటివాడు లైటు ఒక్కసారి వెలిగించి ఆర్పాడనుకోండి. బందరు రోడ్డులో దానర్థం: నేనాగను, నువ్వే తప్పుకో. ఇక్కడ జనవ్యవహారంలో దానర్థం: మీరు వెళ్లండి, నేనాగుతాను. శాస్త్రం ప్రకారం రెండర్థాలూ తప్పు. నేనున్నాను అని చెప్పడానికి తప్ప మరెందుకూ వెలిగించరాదు. మొదటి ఏడాది ఒక ఇరుకు వీధిలో కవికీ ఒక ముసలి దొరకూ మధ్య ఈ శ్లేష అయిదు నిమిషాలు నడిచింది. ఆయన వెలిగించాడు, ఈయన భయపడి ఆగాడు. ఈయన వెలిగించాడు, ఆయన సంతోషించి బయల్దేరాడు. ఇద్దరూ నడివీధిలో కలిశారు. ఆయన చెయ్యెత్తి నమస్కారం లాంటిది పెట్టి వెనక్కి వెళ్లాడు.

"ఏగవలయు" అన్న క్రియ మీమాంసకులు కొట్టుకోవాల్సిన చోటు. 1931లో తొలిసారి అచ్చయిన హైవే కోడ్‌లో ఇప్పుడు రెండు రకాల క్రియలు కనబడతాయి. "మస్ట్" అని పెద్దక్షరాల్లో ఉంటే అది విధి, తప్పితే నేరం. "షుడ్" అని ఉంటే అది హితవు, తప్పినంత మాత్రాన నేరం కాదు గాని రేపు కోర్టులో మీ మీదే చదివి వినిపించవచ్చు. తెలుగులో "వలయు" ఒక్కటే రెండింటికీ. అమ్మ "భోంచేసి వెళ్లాలిరా" అన్నా వలయునే, పోలీసు "స్టేషనుకి రావాలి" అన్నా వలయునే. గొంతును బట్టి పోల్చుకుంటాం. ఎల్లు విషయంలో ఇది నిస్సందేహంగా విధి.

ఆ ఎల్లు ఈ పద్యానికి జీవగర్ర. నాలుగో పాదం చివర ఉన్నా, ఇంట్లోంచి బయల్దేరే ముందే కట్టాల్సింది గనుక అన్వయంలో అన్నిటికంటె ముందుకు తెచ్చుకోవాలి. దూరాన్వయ దోషం కవిది కాదు, అభిమానానిది; వీలైనంత సేపు ఆ పలక సంగతి దాటవేశాడు. వేల్స్ ప్రతిలో "ఎల్లు" బదులు "డీ" అని పాఠాంతరం ఉంది. వెల్ష్‌లో విద్యార్థిని "దస్‌గుర్" అంటారు, అందులో మొదటి అక్షరం అది. సరిహద్దు దాటి ఇంగ్లండులోకి వస్తే మళ్లీ ఎల్లే చెల్లుతుంది.

ఎల్లు కట్టినవాడు ఒంటరిగా పోరాదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, మూడేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్నవాడు పక్కన కూర్చోవాలి. కవికి నలభై నాలుగు, కవి పక్కన కూర్చున్న ఆ ఆఫీసు తమ్ముడికి ఇరవై ఏడు. మర్రిచెట్టు కింద కుర్ర గురువు, ముసలి శిష్యుడు. దక్షిణామూర్తి మౌనంగా బోధించాడు, ఈ తమ్ముడు "అన్నా, క్లచ్! అన్నా, క్లచ్!" అని బోధించాడు. నిన్నటిదాకా ఒక్కడూ డెబ్బై మైళ్ల వేగంతో పోయిన ఎం4 మీదికి ఇప్పుడు తమ్ముడితో కూడా పోరాదు. 2018 నుంచి విద్యార్థుల్ని మోటారు మార్గం ఎక్కనిస్తున్నారు గాని, రెండో బ్రేకున్న బండీ, గుర్తింపు పొందిన శిక్షకుడూ ఉంటేనే. ఆ శిక్షకుడు గంటకు నలభై పౌండ్లు తీసుకుంటూ, కవి స్టీరింగు మీద ఒంటి చెయ్యి వేసి కూర్చున్న తీరు చూసి, "చాలా అనుభవం ఉన్నట్టుంది" అన్నాడు. కవి పొంగిపోయాడు. ఆ మాట ఇక్కడ జబ్బు పేరని తరవాత తెలిసింది.

పూర్వమీమాంస, అనగా రాతపరీక్ష, గురించి పద్యంలో ప్రస్తావన లేదు. యాభై ప్రశ్నల్లో నలభై మూడు రావాలి, వచ్చాయి. దాని వెంబడే పద్నాలుగు వీడియోలు చూపించి, ప్రమాదం మొలకెత్తుతున్న క్షణాన మౌసు నొక్కమంటారు. డెబ్బై అయిదుకు నలభై నాలుగు రావాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు కవి మొదట ఒక్కసారీ నొక్కలేదు. సైకిలువాడు కాస్త పక్కకు జరగడం, బంతి ఒకటి రోడ్డు మీదికి దొర్లడం, బస్సు తలుపు తెరుచుకోవడం... వీటిలో ప్రమాదమేముందో అతనికి బోధపడలేదు. సున్నా వచ్చింది. రోషంతో తరవాతి వీడియోలో కనబడిన ప్రతిదానికీ నొక్కాడు. ఎడాపెడా నొక్కితే దొంగలెక్క కింద మళ్లీ సున్నా. ఈ పరీక్షకు ఒకప్పుడు తమిళం, హిందీ, ఉర్దూ సహా పలు భాషల్లో వినిపించే సౌకర్యం ఉండేది, 2014లో తీసేశారు. ఉన్నప్పుడూ అందులో తెలుగు లేదు. ఏమాటకామాటే, ఉంటే మాత్రం ఎవరికి అర్థమయ్యేది? "రౌండెబౌటు"కి ఆ అనువాదకుడు ఏ "వలయకూడలి" అనో రాసి ఉండేవాడు.

ఇక ఛందస్సు. మొదటి పాదంలో అ-యా, రెండులో మ-మం, మూడులో కు-కొ, నాలుగులో ఎ-యే, యతులు సరిపోయాయి. నాలుగో పాదం అచ్చుతో మొదలవడం విసంధి దోషమని ఛాందసులు అనవచ్చు. ఎల్లు కట్టినవాడికి ముందుబండిని తాకకుండా కొంత ఎడం పాటించమని శాస్త్రం. కవి పాటించాడు.

పరీక్షకు దిగినవాళ్లలో పాసయ్యేది సగానికి కాస్త తక్కువే. తేదీ దొరకడానికి నెలలు పడుతుంది, మామూలు రోజుల్లో రుసుము 62 పౌండ్లు. ఫలశ్రుతి ఇంతే.

గద్య

ఇది శ్రీమత్కృష్ణాతీర సంభూత, రెడింగ్ పురనివాస, అద్దత్రయావలోకన నిరత, ప్రథమ ద్వితీయ ప్రయత్న పరాజిత, బుధవాసర ప్రాతఃకాల విజేత, ఆకుపచ్చ కార్డును అక్కడికక్కడే అధికారి చేతికి సమర్పించి గులాబి కార్డు కోసం పోస్టుమనిషి రాక నిరీక్షించుచున్నవాడును, కారులో భార్య పక్క సీటున కూర్చుండగా ఇప్పటికిని మెడ తిప్పి మూడద్దాలును చూచువాడును అగు టీకాకారునిచే రచింపబడిన వ్యాఖ్య సర్వంబును సంపూర్ణము.